మూడు వందల పదిహేడో రింగు

మెచ్చుకోలు చదువుకోవడానికి కూడా ఒక కూర్చునే తీరు ఉంటుంది. గురువారం పొద్దున శామీర్‌పేటలో తన మిద్దె మీద ఖాలిక్ కూర్చున్న తీరు అదే. పావురాలను గాలికి వదిలేశాడు. గూళ్లు ఊడ్చి, నీళ్ల పళ్లాలు కడిగి బోర్లించాడు. పెయింటు డబ్బా తిరగేసుకుని, దాని మీద గోనెసంచి పరుచుకుని, కళ్లద్దాలు లుంగీ అంచుతో తుడుచుకుని, ఫోను చేయి చాచినంత దూరంలో పట్టుకున్నాడు. ఎదురుగా భార్య జహేదా చాపేసుకుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. ఆమెను కింద పొయ్యి దగ్గర్నుంచి పైకి పిలిచిందే చదివి వినిపించడానికి. వాళ్లింట్లో మాట దక్కనీ ఉర్దూ. కథ తెలుగులో నడుస్తోంది కనుక వాళ్ల మాటలు కూడా మనం తెలుగులోనే విందాం.

మూడేళ్ల కిందట ఖాలిక్ ‘కబూతర్ దోస్తానా’, అంటే పావురాల స్నేహం, అని వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టాడు. మేడ్చల్, కీసర, దూలపల్లి, శామీర్‌పేట చుట్టుపక్కల పావురాలు పెంచేవాళ్లు ఇప్పుడందులో ఆరు వందల నలభై మంది. అడ్మిన్లు ఇద్దరే. ఒకడు ఖాలిక్, రెండోవాడు సెల్‌ఫోన్ల దుకాణం నడిపే శ్రీకాంత్. చలికాలం పందేల ముందు ఏటా సభ్యులను అడుగుతారు, అడ్మిన్లు ఎట్లా నడుపుతున్నారో చెప్పమని. మొదటి రెండేళ్లూ గ్రూపులోనే అడిగారు. అందరి ముందూ అడిగితే ఎవరంటారు? దండాలూ బొటనవేళ్లూ వచ్చిపడ్డాయి. ఈసారి శ్రీకాంత్ పేరు రాయనక్కర్లేని ఫారం ఒకటి తయారుచేశాడు. పేరు చెప్పుకోలేని మాట ఏం మాట అని ఖాలిక్ సణిగాడు గాని, చివరికి ఒప్పుకున్నాడు. పేరు లేకపోయినా తనను మెచ్చుకోకుండా ఎట్లా ఉంటారని ధీమా.

ఆ ధీమా ఊరికే రాలేదు. ఎవరి మిద్దె మీద వాలిన పావురం వాళ్లదే అన్నది ఈ ఆటలో తాతల నాటి కట్టు. తప్పిపోయిన పిట్టను పట్టినవాడు దాని రెక్కలు దారంతో కట్టేసి, ఇంకో పిట్టతో జతకలిపి, తన గూటికి మాలిమి చేసుకుంటాడు. పోగొట్టుకున్నవాడు నోరెత్తకూడదు. ఖాలిక్ ఆ కట్టును తెంచాడు. దొరికిన పిట్ట ఫొటో గ్రూపులో పెట్టాలి, కాలి రింగు నంబరు చూసి మూడు రోజుల్లో తిరిగి ఇచ్చెయ్యాలి అని రూలు రాశాడు. రింగులు కూడా తనే చేస్తాడు. దూలపల్లిలో ఒక చిన్న వర్క్‌షాపులో ముప్పై ఏళ్లుగా లేత్ మిషను మీద పని. సాయంత్రం డ్యూటీ దిగాక అల్యూమినియం గొట్టం బిగించి, ఎనిమిది మిల్లీమీటర్ల బోరు తీసి, ఒక్కో రింగు కోసి, అంచులు ఎమెరీ కాగితంతో రుద్ది, అంకెల పంచులతో నంబరు కొడతాడు. ఎనిమిదో రోజు లోపల పిల్ల కాలికి ఎక్కించాలి. ఆ తర్వాత పాదం పెరిగి రింగు పట్టదు. ఎక్కిందంటే ఇక ఊడదు. మూడేళ్లలో తొంభై నాలుగు పిట్టలు ఇల్లు చేరాయి. ఆ లెక్క ఖాలిక్‌కు నిద్రలో లేపి అడిగినా తెలుసు.

చదవడం మొదలుపెట్టాడు. ఖాలిక్ భాయ్ ఉండబట్టి మా పిట్టలు మాకు దక్కుతున్నాయని ఒకరు. పిట్ట కన్ను చూసి జాతి చెప్పేవాడు ఈ చుట్టుపక్కల ఇంకొకడు లేడని ఒకరు. ఆ రెండోది రెండుసార్లు చదివాడు. మొదటిసారే వినిపించిందని జహేదా అన్నది. నలభై దాకా అట్లాగే నడిచాయి. నలభై ఒకటో దగ్గర గొంతు ఆగిపోయింది. పెదవులు మాత్రం కదులుతున్నాయి.

‘ఖాలిక్ భాయ్ కన్ను మంచిదే, గడియారమే సూడడు. నెలన్నర కింద నా పోస్టు ఒక్క నిమిషంల తీసేసిండు. అబద్ధపు ఫిర్యాదు అని అందరి ముంగట రాసిండు. నెల దినాలు బయట వెట్టిండు. గా ఫొటో మల్లొకసారి సూడమనున్రి. పిట్ట కన్ను కాదు, మనిషి చెయ్యి సూడాలె.’

“ఏమైంది, ఆగినవ్?” అన్నది జహేదా.

నెట్‌వర్క్ పోయిందన్నాడు ఖాలిక్. జహేదా చిక్కుడుకాయ గిన్నెలో వేసి ఆయన ముఖంలోకి చూసింది. పోయింది ఫోన్లో కాదులే అని, గిన్నె తీసుకుని కిందికి దిగిపోయింది.

*

ఆ రోజంతా ఖాలిక్ కోపంగానే పనిచేశాడు. పేరు లేకపోతేనేం, రాసింది ఎవరో తెలియదా? కీసర దుర్గాబాయి. బస్సు కండక్టరు. గ్రూపులో ఉన్న నలుగురైదుగురు ఆడవాళ్లలో ఒకతె. తన పిట్ట హేమచంద్ సేట్ గూటిలో ఉందని ఫిర్యాదు పెట్టింది. దానికి రింగు లేదు. ఆమె పెట్టిన ఫొటోలో పిట్ట కన్ను నల్లన. సేట్ పెట్టిన ఫొటోలో కన్ను ముత్యంలా తెల్లన. కన్ను వేరైతే పిట్ట వేరు, ఇందులో తప్పేముంది? మూడేళ్లు ఇంతమందికి చాకిరీ చేస్తే, చివరికి గడియారం చూడడని పేరు! మనసులో ఆమెకు జవాబు మీద జవాబు రాసుకుంటూ పోయాడు. ఆ ధ్యాసలో ఇరుసుకు తొడిగే బుష్ ఒకటి అర మిల్లీమీటరు ఎక్కువ కోసేశాడు. పనికిరాకుండా పోయింది. ముప్పై ఏళ్లలో అట్లాంటివి చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

శుక్రవారం ఒంటిపూట పని దిగి, నమాజుకు పోయి వచ్చి, అన్నం తిని, ఇక ఉండబట్టలేక శ్రీకాంత్‌కు ఫోను చేసి ఆ ఫొటో పంపమన్నాడు. తీసేసిన పోస్టులన్నీ శ్రీకాంత్ దాచిపెడతాడు. ఫొటో వచ్చింది. మిద్దె మీద నీడలో నిలబడి ఖాలిక్ దాన్ని పెద్దది చేశాడు. కన్ను నల్లగానే ఉంది. నేను చెప్పలేదా, అనుకున్నాడు. ఆ తర్వాత, ఆమె రాసింది కదా అని, చేతి వైపు జరిపాడు.

ఎడమ చేతిలో పిట్ట ఉంది. కుడి చేతి బొటనవేలూ చూపుడువేలూ మధ్య, పిట్ట కాలి పక్కనే, ఒక అల్యూమినియం రింగు ఉంది. ఇంకా పెద్దది చేశాడు. 317. ఏడు అంకె కొత్త పంచుతో కొట్టింది, మిగతా రెండింటికన్నా పదునుగా దిగింది. తన చేతి పని తను గుర్తుపట్టడా?

ఖాలిక్ గూటి పక్కన కూలబడ్డాడు. వేసవిలో ఏడు అంకె పంచు మూల విరిగింది. కొత్తది తెప్పించేసరికి ఇరవై రోజులు పట్టింది. ఏడు లేని నంబర్లన్నీ వేళకు వెళ్లాయి, ఏడు ఉన్నవి ఆగాయి. కొంచెం ఆలస్యమైతదని గ్రూపులో తనే వాయిస్ పెట్టాడు. అంటే దుర్గాబాయికి రింగు చేరేసరికి పిల్లకు నెల దగ్గర పడింది. కాలికి ఎక్కలేదు. ఎక్కలేదని చూపించడానికే ఆ రోజు ఫొటో తీసుకుంది. నెల పిల్లకు కన్ను నల్లగా ఉండక ఎట్లా ఉంటుంది? మూడు నెలలు దాటితే గాని తెల్లబడదు. ఈ సంగతి గ్రూపులో కొత్తవాళ్లకు పాఠం చెప్పిందెవరు? తనే. ఆ వాయిస్ మెసేజీని ఇప్పటికీ జనం ఒకరికొకరు పంపుకుంటుంటారు.

అయినా లేచి గూట్లోంచి ఇరవై అయిదు రోజుల పిల్లను తీశాడు. ఎండకు తిప్పి చూశాడు. నల్లటి కన్ను. పై గూట్లోంచి దాని అన్నను తీశాడు. తెల్లటి కన్ను. రెండింటినీ రెండు చేతుల్లో పట్టుకుని నిలబడ్డాడు. పిల్ల ఆయన బొటనవేలును ముక్కుతో పొడుస్తోంది.

ఆ తీర్పు చెప్పిన రోజు కూడా గుర్తొచ్చింది. లేత్ తిరుగుతోంది, చేతులు నూనె. అప్పుడే హేమచంద్ విడిగా మెసేజీ పెట్టాడు, రేపు కప్పులు ప్రకటిస్తున్నాను, ఈ గొడవ కాస్త తేల్చండి అని. పందేలకు కప్పులు ఇచ్చేది సేటే. ఫోను చిటికెన వేలితో తోసి చూసి, పోస్టు తీసేసి, మళ్లీ పనిలో పడ్డాడు. డ్రాయింగు మీద ఒక్క గీత అర్థం కాకపోయినా సూపర్‌వైజరును అడగనిదే టూలు ఆనించని మనిషి, ఈ ఫొటో ఎప్పటిదమ్మా అని ఒక్క మాట అడగలేదు. సేటు కప్పుల కోసం చేశానా అని తనను తానే అడిగాడు. కాదని గట్టిగా చెప్పలేకపోయాడు. 

సాయంత్రం శ్రీకాంత్ వచ్చాడు. విన్నాడు, ఫొటో చూశాడు, నాలుక కరుచుకున్నాడు. కాని వదిలెయ్యమనే చెప్పాడు. రెండు వందల పన్నెండు జవాబుల్లో ఇదొక్కటే. బయట ఎవరికీ తెలియదు. ఆమె మళ్లీ గ్రూపులోకి వచ్చింది, చప్పుడు చెయ్యట్లేదు. సేటుకు కోపమొస్తే పందేలే ఆగిపోతాయి.

“ఇప్పుడు కెలుక్కుంటె మన మాటకు ఇజ్జత్ ఉండది భాయ్” అన్నాడు.

“ఇప్పుడు మాత్రం ఎక్కడున్నది?” అన్నాడు ఖాలిక్. “నా పంచు, నా రింగు, నా పాఠం. మూడిట్ల నేనే ఉన్న. ఆమె ఒక్కతే తప్పుల లేదు.”

*

శనివారం సెలవు పెట్టి, స్కూటరు మీద కీసర పోయి, బస్టాండులో నిలబెట్టి, దుర్గాబాయి బస్సు ఎక్కాడు. నలభై దాటిన మనిషి, ఖాకీ చొక్కా, మెడలో ఈల, చేతిలో టికెట్ల మిషను. ఎక్కేవాళ్లందరూ ఆడవాళ్లే. ఆధార్ కార్డులు చూస్తూ డబ్బుల్లేని జీరో టికెట్లు కొట్టి ఇస్తూ ముందు నుంచి వెనక్కి వస్తోంది. ఖాలిక్‌ను గుర్తుపట్టింది. పందేల్లో చూసిన ముఖమే. గుర్తుపట్టినట్టు మాత్రం కనపడనివ్వలేదు.

ఎక్కడికి అని అడిగింది. నీతో మాట్లాడేంత దూరం అన్నాడు ఖాలిక్.

“గట్ల స్టేజీ లేదు. ఊరి పేరు చెప్పుండ్రి.”

సికింద్రాబాద్ అన్నాడు. టికెట్ చింపి ఇచ్చి వెళ్లిపోయింది. మూడు స్టాపుల దాకా మళ్లీ ఆ వైపు రాలేదు. బస్సు కాస్త ఖాళీ అయ్యాక వచ్చి, ఎదురు సీటు కమ్మీకి ఆనుకుని నిలబడింది. ఖాలిక్ ఫోను తీసి, పెద్దది చేసిన ఫొటో చూపించి, చేయి చూశానని చెప్పాడు. తప్పైంది చెల్లే అన్నాడు.

దుర్గాబాయి టికెట్ల సంచిలో చెయ్యి పెట్టింది. చిల్లర పక్క అరలోంచి రింగు తీసి అరచేతిలో పెట్టి చూపించింది. 317. వాడుక లేకపోయినా సంచిలో రాపిడికి మెరుస్తోంది. ఖాలిక్ చెయ్యి చాచాడు. ఆమె ఇవ్వలేదు, మళ్లీ సంచిలోనే వేసుకుంది.

ఆ పిట్టకు డ్రైవర్ అని పేరు పెట్టుకుందట. తను కండక్టరు కనుక ఇంట్లో ఒక డ్రైవరు ఉండాలని. తన ఈల వింటే ఎంత ఎత్తు నుంచైనా దిగేవాడట. ఇంత చెప్పి, స్టాపు వస్తే ఈల వేసి, ఇద్దరిని దించి, మళ్లీ వచ్చింది.

“పిట్ట పోయిందని బాధ లేదనను అన్నా. కాని తిండి పోనంత బాధ గా మాటకైంది. నా బస్సుల దినాం నాలుగైదు వందల మంది ఎక్కుతరు దిగుతరు. ఇరవై ఏండ్లల్ల నన్ను అబద్ధమాడినవ్ అన్నోడు లేడు. నువ్వు ఆరు వందల మంది ముంగట రాసినవ్. మా అన్న కొడుకు సదివి ఇంట్ల అందరికి చెప్పిండు.”

ఖాలిక్ తల వంచుకున్నాడు. రేపు పొద్దున సేట్ గూటికి పోయి పిట్ట రెక్కలు విప్పిస్తానన్నాడు. ఎవరి పిట్ట అయితే వాళ్లింటికే పోతుంది, అంతకన్నా సాక్ష్యం లేదు. దుర్గాబాయి కిటికీలోంచి బయటికి చూసింది. నెలన్నర అయింది, ఈపాటికి జతకట్టి గుడ్లు కూడా పెట్టించి ఉంటారని అన్నది. అది నిజమే. గుడ్లున్న గూడు వదిలి రావడం పావురానికి అంత తేలిక కాదు.

“రాకుంటే? అప్పుడు మల్ల నేను అబద్ధమే అయితగద?”

“వచ్చినా రాకున్నా నా తప్పు తప్పే చెల్లె. పిట్టను ఇడ్వకముందే రాస్త. ఇయ్యాల్నే రాస్త.”

రాయి, చూస్తా అన్నది ఆమె.  సికింద్రాబాద్‌లో దిగేటప్పుడు, పైకి చూసుకుంటూ పోకు, మెట్టు విరిగింది అని హెచ్చరించింది.

ఇంటికొచ్చి రాయడానికి కూర్చుంటే ఖాలిక్‌కు లేత్ పనే నయం అనిపించింది. రాశాడు, కొట్టేశాడు, రాశాడు. చివరికి ఒక పేజీ అయింది. పంచు విరిగిన సంగతి, చేతులకు నూనె ఉన్న సంగతి, తొంభై నాలుగు పిట్టల సంగతి, మనిషన్నాక పొరపాటు సహజమన్న సంగతి. జహేదాకు చదివి వినిపించాడు. ఆమె అంతా విని, ఇందులో దుర్గాబాయి ఎక్కడుంది అని అడిగింది.

“మాఫీ అడుగుతున్నవా, నీ సంగతులు చెప్పుకుంటున్నవా? ‘కానీ’ అన్న దగ్గర్నుంచి కిందికి అంతా తీసెయ్” అన్నది.

కానీలన్నీ తీసేస్తే నాలుగు వాక్యాలు మిగిలాయి. దుర్గాబాయి ఫిర్యాదు అబద్ధం కాదు. ఫొటో సరిగ్గా చూడకుండా తీసేసింది నేను. ఆమెను నెల దినాలు బయటపెట్టింది నేను. అందరి ముందు మాఫీ అడుగుతున్నాను. కింద పేరు. పొద్దుగూకే వేళకు గ్రూపులో పెట్టాడు. పెట్టి ఫోను బోర్లించి, పావురాలను దించుకోవడానికి మిద్దె ఎక్కాడు. దిగి వచ్చి చూస్తే నాలుగు వందల మంది చదివారు, ఒక్కరూ ఏమీ అనలేదు. అరగంటకు దూలపల్లి బాలరాజు రాశాడు, అన్నా, మార్చిలో నాది కూడా ఒకటి తీసేసినవ్, అది కూడా చూడరాదే అని. వెనకే ఇంకో ఇద్దరు. ఖాలిక్ నోటుబుక్కు తీసి మూడు పేర్లూ వరసగా రాసుకున్నాడు. 

*

హేమచంద్ సేట్ ఫామ్‌హౌజ్ కరీంనగర్ రోడ్డు మీద, చెరువు దాటాక ఉంటుంది. ఇనుము వ్యాపారం. గూళ్లు కూడా ఇనుప జాలీతో, మూడు అంతస్తులు. ఆదివారం పొద్దున తొమ్మిదింటికి ఖాలిక్, శ్రీకాంత్ వెళ్లేసరికి సేట్ ముఖం ముడుచుకుని ఉంది. రాత్రి నుంచి ఫోన్లట. గ్రూపులో తన పేరు లేకపోయినా అందరికీ అర్థమైందట.

“రింగు లేంది ఎవలదో ఎట్ల తెలుస్తది ఖాలిక్ భాయ్? రూలు నువ్వు రాసినవ్. నేను రూలు మీదనే ఉన్న.”

“రాసింది నేనే సేట్. రింగు ఎందుకు లేదో అడుగుమని రాయలే. గది నా తప్పు.”

సేట్ మెత్తబడలేదు గాని, కాదనీ అనలేదు. ఆయనకు తన గూటి మీద నమ్మకం. పిట్ట కింది వరసలో ఉంది. దాని జత పక్కనే, బూడిదరంగు పెంటి, అంటే ఆడది. గూట్లో రెండు గుడ్లు. సేట్ పిట్టను బయటికి తీశాడు. ఖాలిక్ గోటితో రెక్కల దారం ముడి పట్టి, ఈక చెదరకుండా ఒక్కొక్క చుట్టే విప్పాడు. కన్ను చూశాడు. తెల్లటి కన్ను. ఈసారి ఏమీ అనలేదు.

సేట్ చెయ్యి తెరిచాడు. నెలన్నరగా కట్టేసిన రెక్కలు, తడబడుతూనే లేచాయి. రెండు చుట్లు తిరిగింది. తిరిగి వచ్చి అదే గూటి పిట్టగోడ మీద వాలింది. ఈకలు దిద్దుకుంది. పది అవుతుండగా టకటకా నడుచుకుంటూ గూట్లో దూరింది. గుడ్ల మీద ఉన్న పెంటి లేచి బయటికి వచ్చింది, అది కూర్చుంది. సేట్ నవ్వాడు. శ్రీకాంత్ ముఖం చిన్నబోయింది.

“ఇంకేంది? సాక్ష్యం అయిపాయె” అన్నాడు సేట్. “ఇంక గంట కూసున్నా గిదే. కన్ను సూసి నిమిషంల చెప్పేటోనివి, నీకు నేను చెప్పాల్నా?”

“గా నిమిషమే నన్ను గీడికి తెచ్చింది సేట్.” ఖాలిక్ చేతి గడియారం చూసుకున్నాడు. “పది అయింది. గుడ్ల మీద మొగదాని పాళి ఇప్పుడే మొదలైంది. నాలుగింటికి పెంటి వచ్చి కూసునేదాక అది లేవది. గప్పటిదాక నేను తీర్పు చెప్ప.”

ఆ మాట సేట్‌కూ తెలుసు. పావురాలు పెంచేవాడికి తెలియకుండా ఉండదు. నవ్వు ఆగింది. గూటి వైపు చూసి, లోపలికి కేకేసి, మూడు చాయ్‌లు చెప్పాడు.

కుర్చీలు గోడ నీడలోకి జరిగాయి, నీడతోపాటు మళ్లీ జరిగాయి. మధ్యాహ్నం సేట్ ఇంట్లోనే అన్నం. జబ్బుపడ్డ పిట్ట ఒకటి ఉందని సేట్ తెచ్చి చూపించాడు. ఖాలిక్ దాని గొంతు తెరిచి చూసి, ఎన్ని రోజుల నుంచి, ఏం మేత, నీళ్లు ఎప్పుడు మార్చారు అని ఒక్కొక్కటీ అడిగి గాని మందు చెప్పలేదు. ఒకప్పుడైతే చూడగానే చెప్పేవాడు. దుర్గాబాయి రెండింటికి డ్యూటీ దిగి ఇంట్లో ఉన్నానని మెసేజీ పెట్టింది. ఏమైందని అడగలేదు. గుడ్ల మీద ఉన్నడు అని ఖాలిక్ రాశాడు. 

నాలుగూ పది. బూడిదరంగు పెంటి జాలీ దగ్గరికి వచ్చి లోపలికి తొంగి చూసింది. డ్రైవరు లేచాడు. బయటికి వచ్చాడు. పళ్లెంలో ముక్కు ముంచి నీళ్లు తాగాడు, నింపాదిగా. పిట్టగోడ ఎక్కి అటు చూశాడు, ఇటు చూశాడు.  లేచాడు. పొద్దున తిరిగిన చుట్టే మళ్లీ తిరిగాడు. రెండోది ఇంకా పెద్ద చుట్టు. మూడో చుట్టు సగంలో విడిచి, రోడ్డు దాటి, చెరువు దాటి, కీసరగుట్ట దిక్కు పట్టి తిన్నగా పోయాడు. కనబడినంత మేర చూశారు. ఖాలిక్ కళ్లు చెమర్చాయి. ఎండకని చెప్పి తుడుచుకున్నాడు.

“మంచిగనే మేపిన భాయ్” అన్నాడు సేట్ నెమ్మదిగా.

“తెలుస్తనే ఉంది సేట్. లేకుంటె గా రెక్కలకు గంత జల్దీ బలం రాదు.”

అయిదున్నరకు గ్రూపులో ఫొటో పడింది. ఎడమ చేతిలో పిట్ట, కుడి చేతి వేళ్ల మధ్య రింగు, అంతా వెనకటి ఫొటోలాగే. కన్ను ఒక్కటే తెల్లన. కింద దుర్గాబాయి రాసింది: ‘4.20కి అక్కడ లేసిండట. 5.25కి దిగిండు. రెక్కలు కట్టి ఉండె గదా, గంత లేటైతది. ఈల ఊదితే నా బుజం మీదనే వాలిండు.’

ఖాలిక్ ఆమెకు ఫోను చేసి, అడ్మిన్‌గా ఉండమని అడిగాడు. ఆమె వెంటనే ఒప్పుకోలేదు.

“నీ పోస్టులు కూడ తీసేస్త మరి. సరేనా?”

“తియ్యి చెల్లె” అన్నాడు ఖాలిక్, అంత పని ఎక్కడ పడుతుందిలే అన్న ధైర్యంతో.

*

సోమవారం లేత్ మీద ఖాలిక్ ఈల వేసుకుంటూ పనిచేశాడు. గంట ముందే వచ్చి, మొదట ఒక రింగు కోశాడు. నిలువునా చీల్చిన రింగు. పెద్ద పిట్ట కాలికి పెట్టి నొక్కితే చాలు. దాని మీద మూడు కొట్టాడు, ఒకటి కొట్టాడు. ఏడు అంకె పంచు చేతిలోకి తీసుకునేలోపు సూపర్‌వైజరు పని ఇచ్చాడు. రింగును జేబులో వేసుకున్నాడు.

పదకొండు కావస్తుండగా చాయ్ వేళ ఫోను చూస్తే గ్రూపు అట్టుడికిపోతోంది. సేట్ ఫొటో పెట్టాడు. డ్రైవరు మళ్లీ ఆ గుడ్ల మీదే కూర్చుని ఉన్నాడు! ‘పదింటికి డ్యూటీకి వచ్చిండు’ అని కింద. దుర్గాబాయి, ‘నా దగ్గర తొమ్మిదింటికి లేసిండు. పిల్లలయ్యేదాక రెండు దిక్కుల తిరుగుతడు, తిరగనీ. సేట్, నీళ్లు పెట్టు’ అని రాసింది. జనం నవ్వులే నవ్వులు. ఆ నవ్వుల్లోనే కొందరు సేట్‌ను పట్టుకున్నారు. పిట్టల దొంగ అని ఒకడు. కప్పులిచ్చి పిట్టలు పట్టేవాడని ఇంకొకడు.

అంతమంది మధ్య మన ఖాలిక్ ఊరుకుంటాడా? నిన్న ఆరు గంటలు కాచుకుని కూర్చున్న మనిషి. చెయ్యి తుడుచుకుని రాసేశాడు: ‘నిన్న ఒకాయన గంట చాలన్నడు, నవ్విండు. ఖాలిక్ గడియారం ముంగట ఎవ్వని ఆటలు సాగయ్.’ రాసి, బొటనవేళ్లు రాలడం చూసి, మీసం దువ్వుకుని పనిలోకి పోయాడు.

పన్నెండింటికి మళ్లీ చూశాడు. దొంగ అన్న పోస్టు లేదు. కప్పుల పోస్టు లేదు. తన పోస్టు ఉండాల్సిన చోట, అడ్మిన్ దుర్గాబాయి తొలగించారు అని బూడిదరంగు అక్షరాలు. దాని కింద ఆమె మాట: ‘పిట్ట ఇల్లు చేరింది. ఎవలను ఎవలు దొంగ అనొద్దు. సేట్ విప్పిండు గనకనే వచ్చిండు. గొప్పలు గూడ ఒద్దు.’

ఖాలిక్ ఒక్క క్షణం కంగుతిన్నాడు. మూడేళ్ల గ్రూపు, తను పెట్టిన గ్రూపు, అందులో తన మాట తీసెయ్యడం ఇదే మొదలు. తర్వాత లోపల్నుంచి నవ్వు పొంగుకొచ్చింది. పక్క మిషనువాడు ఏమైందని చూస్తున్నా ఆగలేదు. ఇంటికి ఫోను చేశాడు.

“నా పోస్టు తీసేసింది జహేదా!” కొడుకు పరీక్ష పాసైనట్టుంది గొంతు.

“ఎంతసేపు చూసి తీసేసింది?” అని అడిగింది జహేదా.

ఖాలిక్ కళ్లద్దాలు పైకి తోసుకుని ఫోను చూశాడు. తను రాసింది పదకొండుకు. ఆమె మాట పడింది పదకొండూ ముప్పై ఎనిమిదికి.

“ముప్పై ఎనిమిది నిమిషాలు ఆలోచించింది” అన్నాడు గర్వంగా. ఫోను పక్కన పెట్టి, జేబులోంచి రింగు తీసి, ఏడు అంకె పంచు నిటారుగా నిలిపి, కుదిరిందో లేదో మరోసారి వంగి చూసి, సుత్తితో ఒక్క దెబ్బ వేశాడు.